బొమ్మకు చప్పుడేదీ?

మస్కట్‌లోని మన ఇళ్ళలో కొన్నిచోట్ల గోడమీద తోలుబొమ్మలు కనిపిస్తుంటాయి. రాముడో, హనుమంతుడో, అద్దం బిగించిన ఫ్రేములో. చూడముచ్చటగానే ఉంటాయి. కానీ నా దృష్టిలో అది సగం బొమ్మే.

శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంట కళాకారులు ఇప్పుడు లాంప్‌షేడ్లు, గోడ అలంకరణలు చేసి అమ్ముతున్నారు. బతుకుతెరువు కదా, తప్పనలేం. అయితే ఆటలో ఆ బొమ్మ ఊరికే కదలదు. తెర వెనుక హార్మోనియం, మద్దెల, తాళాలు ఉంటాయి. యుద్ధం వచ్చిందా, ఆడించేవారే కాళ్ళకింది చెక్కపలకల్ని దడదడలాడిస్తారు. తెరమీద బొమ్మ చెయ్యి కాస్త కదిలితే చాలు, గట్టి దెబ్బ పడిందని మనకు చెప్పేది ఆ చప్పుడే.

స్విట్జర్లాండ్ శిల్పి జాఁ టాంగ్లీ 1960లో న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం తోటలో పాత సామాన్లతో ఒక యంత్రం నిలబెట్టాడు. అది పియానో మోగిస్తూ, గోల చేస్తూ తనను తానే విరగ్గొట్టుకుంది. ఆ మోత తీసేస్తే మిగిలేది కదిలే తుక్కే!

అందుకే మన బడి వార్షికోత్సవంలో ఈసారి సీడీ పాట వద్దంటాను. పిల్లలు అట్టబొమ్మలు చేసి ఆడించాలి, పలకలూ వాళ్ళే తొక్కాలి. రిహార్సల్ ఫ్లాట్‌లో పెట్టుకుంటే మాత్రం కింది ఇంటివారికి ముందే చెప్పండి.