అడిగే నాథుడు లేని దీవుల్లో వ్యాపారం

బ్రూక్షాబాద్ పేరు చెబితే పోర్ట్ బ్లెయిర్ వాసులకు ముందుగా గుర్తొచ్చేది ఊరి చెత్తంతా తెచ్చి పోసే డంపింగ్ యార్డు. నాకు మాత్రం అక్కడి సిమెంటు, ఇనుము దుకాణం ఒకటి గుర్తొస్తుంది. యజమాని తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాడు. వ్యాపారం ఎలా ఉందని అడిగితే ఆయన చెప్పిన జవాబు నా నోటు పుస్తకంలో ఇప్పటికీ ఉంది: "సరుకు ఓడ మీదొస్తాది, రూలు దిల్లీ నుంచొస్తాది. రెండూ ఎప్పుడొస్తాయో మాకు సెప్పీవోడు లేడు బాబూ."

ఓడ ఆలస్యానికి తుపానును నిందించవచ్చు. రూలు సంగతి వేరు. అండమాన్ నికోబార్ దీవులలో చట్టం చేసేవాడు ఒకడు, అమలు చేసేవాడు మరొకడు, తీర్పు చెప్పేవాడు ఇంకొకడు. ఈ ముగ్గురిలో ఎవరినీ ఆ దీవుల ప్రజలు ఎన్నుకోలేదు. ఎన్నుకున్నది లోక్‌సభకు ఒకే ఒక్క సభ్యుడిని. శాసనసభ లేదు. రాజ్యసభలో ఒక్క స్థానమూ లేదు. రాజ్యాంగంలోని 240వ అధికరణం ప్రకారం ఈ దీవుల శాంతి, ప్రగతి, సుపరిపాలనల కోసం రాష్ట్రపతి నిబంధనలు చేయవచ్చు. పార్లమెంటు చేసిన చట్టాన్ని కూడా ఆ నిబంధనలతో సవరించవచ్చు, రద్దు చేయవచ్చు. రాష్ట్రపతి అంటే ఆచరణలో కేంద్ర హోం శాఖ అని వేరే చెప్పాలా?

జీఎస్టీనే తీసుకుందాం. 279ఎ అధికరణం కింద ఏర్పడిన జీఎస్టీ మండలిలో ప్రతి రాష్ట్రం నుంచి ఒక మంత్రి కూర్చుంటారు. అయితే "రాష్ట్రం" అన్న మాటకు రాజ్యాంగం ఇచ్చిన నిర్వచనంలో శాసనసభ ఉన్న కేంద్రపాలిత ప్రాంతాలకే చోటు దక్కింది. దిల్లీ, పుదుచ్చేరి, జమ్మూ కశ్మీర్ లోపల కూర్చున్నాయి. అండమాన్ తలుపు బయట ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటుపై పన్ను 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. మంచిదే. కానీ అనకాపల్లిలో దుకాణదారు పదిహేను రోజుల సరుకు పెట్టుకుంటే చాలు, కబురు పెడితే లారీ వస్తుంది. బ్రూక్షాబాద్ దుకాణదారు ఓడను నమ్ముకున్నవాడు కాబట్టి నెలల సరుకు ముందే దింపుకోవాలి. 28 శాతం కట్టి దింపిన నిల్వను రాత్రికి రాత్రి 18 శాతానికి అమ్మాల్సి వచ్చినప్పుడు తేడా ఆయన క్రెడిట్ ఖాతాలో అంకెగా పడి ఉంటుందే తప్ప నోటుగా చేతికి రాదు. దీవుల వ్యాపారికి పాత నిల్వపై ప్రత్యేక వెసులుబాటు ఇవ్వండని మండలిలో అడగడానికి దీవుల తరఫున కుర్చీయే లేనప్పుడు ఎవరు అడుగుతారు?

న్యాయం కోసం వెళ్లాలన్నా ఇదే వరస. కంపెనీ దివాలా వ్యవహారమైతే కోల్‌కతాలోని ఎన్‌సీఎల్‌టీ. పర్యావరణ వివాదమైతే కోల్‌కతాలోని హరిత ట్రైబ్యునల్. కరెంటు చార్జీ నిర్ణయించే ఉమ్మడి నియంత్రణ మండలి ఉన్నది గురుగ్రామ్‌లో. 1953 నాటి చట్టంతో కలకత్తా హైకోర్టు పరిధిని దీవులకు విస్తరించారు, పోర్ట్ బ్లెయిర్‌లో దాని సర్క్యూట్ బెంచి ఉంది. న్యాయమూర్తులు వంతుల వారీగా సముద్రం దాటి వచ్చి కూర్చుంటారు. ఆ బెంచి మీద నాకు గౌరవం ఉంది. కారణం 2023 ఆగస్టు.

ఆ కేసు రోజుకూలీలది. దీవుల పాలనా యంత్రాంగం కింద ఏళ్ల తరబడి పనిచేస్తున్న మజ్దూర్లకు పెంచిన వేతనం, కరవు భత్యం ఇవ్వాలని హైకోర్టు 2022 డిసెంబరులో ఆదేశించింది. యంత్రాంగం అమలు చేయలేదు. ధిక్కార పిటిషన్‌పై బెంచి 2023 ఆగస్టు 3న ప్రధాన కార్యదర్శిని సస్పెండ్ చేసింది, లెఫ్టినెంట్ గవర్నర్ డి.కె. జోషికి 5 లక్షల రూపాయల జరిమానా విధించింది. మర్నాడే సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వుపై స్టే ఇచ్చింది. సస్పెన్షన్ దాకా వెళ్లడం అతి అని సుప్రీంకోర్టు భావించి ఉండవచ్చు, ఆ వాదనలో కొంత బలమూ ఉంది. నా ప్రశ్న అది కాదు. ఒక రాష్ట్రంలో రోజుకూలీల భత్యం ఏళ్ల పాటు ఆగితే శాసనసభ స్తంభించేది, మంత్రి సంజాయిషీ చెప్పేవాడు. ఇక్కడ కూలీకి, పాలకుడికి మధ్య కోర్టు తప్ప మరేమీ లేదు. దీవులలో అతిపెద్ద యజమాని ప్రభుత్వమే. ఆ యజమానే తన కూలీ విషయంలో కోర్టు మాట వినకపోతే, "కార్మిక చట్టం పాటించు" అని బ్రూక్షాబాద్ దుకాణదారుకు ఏ ముఖం పెట్టుకుని నోటీసు ఇస్తుంది?

పైగా ఆ కార్మిక చట్టాలే మారిపోయాయి. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. మూసివేతకు, తొలగింపులకు ముందస్తు అనుమతి కావాల్సిన హద్దు 100 మంది కార్మికుల నుంచి 300కు పెరిగింది. విద్యుత్తు వాడే కార్ఖానాకు ఫ్యాక్టరీ హోదా వచ్చే హద్దు 10 నుంచి 20కి చేరింది. గుజరాత్‌నో తమిళనాడునో ఊహించుకుని గీసిన గీతలివి. 300 మందితో నడిచే ప్రైవేటు సంస్థను ఈ దీవుల్లో భూతద్దంతో వెతకాలి. పదిహేను మందితో నడిచే వెల్డింగ్ షెడ్డో పడవల మరమ్మతు షెడ్డో ఫ్యాక్టరీ చట్రం నుంచి జారిపోయింది. రాష్ట్రాలు తమ నియమాలు తాము రాసుకునే వీలుంది, తమ సభల్లో వాదించుకునే వీలుంది. దీవులలో నియమాలు రాసేదీ అధికారే, అభ్యంతరాలు వినేదీ అధికారే.

ఇంత చిన్న జనాభాకు అసెంబ్లీ ఎందుకన్నది దిల్లీలో నేను తరచూ వినే మాట. 2011 లెక్కల ప్రకారం దీవుల జనాభా 3.8 లక్షలు. కెనడా వైపు చూడండి. అక్కడి యూకాన్ భూభాగంలో 2021 నాటికి ఉన్నది దాదాపు 40 వేల మంది. దానికి ఎన్నికైన శాసనసభ ఉంది, తన కంపెనీల చట్టం, తన ఉద్యోగ ప్రమాణాల చట్టం ఉన్నాయి. నునావుట్ అంతకన్నా చిన్నది, 1999 ఏప్రిల్ 1న ప్రత్యేక భూభాగమై తన సభను తాను ఎన్నుకుంటోంది. అదీ ఆర్కిటిక్ సరిహద్దే. రక్షణ దృష్ట్యా కీలకమైన చోట ప్రజలకు సభ ఉండరాదన్న సిద్ధాంతం అక్కడ పుట్టలేదు. దుకాణం లైసెన్సు రుసుముకు, మలక్కా జలసంధి రక్షణకు ఏమిటి సంబంధం?

రెండో అభ్యంతరం బరువైనది. స్థానిక నాయకత్వం చేతికి అధికారమిస్తే ఏం చేస్తుందో సహకార బ్యాంకు చూపించలేదా అని అడుగుతారు. కాదనలేను. అండమాన్ నికోబార్ రాష్ట్ర సహకార బ్యాంకు రుణాల కేసులో, ఆ బ్యాంకుకు గతంలో చైర్మన్‌గా ఉన్న కాంగ్రెస్ మాజీ ఎంపీ కుల్దీప్ రాయ్ శర్మను 2025 జులైలో పోలీసులు అరెస్టు చేశారు. తర్వాత ఈడీ దిగింది. ఆరోపణలు కోర్టులో తేలాలి. దీవుల చిన్న వ్యాపారి పొదుపు చేసుకున్న, అప్పు తెచ్చుకున్న బ్యాంకు అది. అయితే ఒక్క మాట. ఇది జరిగింది దిల్లీ నేరుగా పాలిస్తున్న కాలంలోనే. కేంద్రపాలన అవినీతికి విరుగుడైతే ఈ రోగం ఎలా ముదిరింది? ప్రతిపక్షం, పద్దుల సంఘం ఉన్న సభ ఉంటే నాలుగు ప్రశ్నలు ముందే పడేవి. పడినా ఆగేది కాదేమో. మన సభల్లో ఆగినవెన్ని, ఆగనివెన్ని! అయినా ప్రశ్న నమోదయ్యేది.

పెద్ద పెట్టుబడి విషయంలో మాత్రం దిల్లీకి ఈ జాప్యాలేవీ అడ్డురావు. గ్రేట్ నికోబార్ ప్రాజెక్టుకు 72 వేల కోట్ల రూపాయల అంచనాతో 2022 నవంబరులో పర్యావరణ అనుమతి వచ్చేసింది. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది, ఆ ఊరి బోర్డు మార్చడానికి ఆ ఊరిని అడగాల్సిన పని పడలేదు.

ఇక మనవాళ్ల సంగతి. 2011 లెక్కల్లో దీవుల జనాభాలో తెలుగువారు సుమారు 13 శాతం. 2022 మార్చిలో పోర్ట్ బ్లెయిర్ పురపాలక ఎన్నికల్లో తెలుగుదేశం రెండు వార్డులు గెలిచింది. 24 మంది సభ్యుల మండలిలో 2023 మార్చిలో బీజేపీ మద్దతుతో ఆ పార్టీ సభ్యురాలు ఎస్. సెల్వి చైర్‌పర్సన్ అయ్యారు. అమరావతిలో సంబరాలు చేసుకున్నారు. సముద్రం అవతల జెండా ఎగిరిందన్నారు. చెత్త తరలింపు, వీధి దీపాలు దాటి ఆ మండలికి అధికారం ఎంత అని ఎవరూ అడగలేదు. 2024 జూన్ నుంచి 16 మంది లోక్‌సభ సభ్యులతో కేంద్ర ప్రభుత్వాన్ని నిలబెడుతున్న పార్టీ అది. విశాఖ నుంచి అండమాన్‌కు ఓడ నడిచే దారిని ఓట్ల దారిగా చూసినవారు, ఆ ఓటర్లకు సభ ఇప్పించే విషయంలో నోరు మెదపరేం?

పని సులువు కాదని తెలుసు. 239ఎ అధికరణంలో ఇప్పుడున్నది పుదుచ్చేరి ఒక్కటే. అండమాన్‌ను చేర్చాలంటే రాజ్యాంగ సవరణ కావాలి, సభలో మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. అధికార పక్షానికి ఒంటరిగా అంత బలం లేదు. కానీ రోజుకూలీల మీద కన్నీరు కార్చిన కాంగ్రెస్ దీన్ని వ్యతిరేకించగలదా? అంతదాకా పోకుండా మరో దారి కూడా ఉంది: జీఎస్టీ మండలి సమావేశాలకు దీవుల వర్తక సంఘాల ప్రతినిధిని ఆహ్వానితుడిగా పిలవడం. దానికి రాజ్యాంగాన్ని ముట్టుకోనక్కరలేదు. సభ కోసం ప్రైవేటు సభ్యుడి బిల్లు పెట్టడానికి ఒక శుక్రవారం మధ్యాహ్నం చాలు. పదహారు మందిలో ఒక్కరు సంతకం పెట్టినా, వచ్చే సమావేశాల్లో ఆ కాగితం ఎవరి పేరుతో వస్తుందో ఈ పేజీలోనే రాస్తాను.