మాటల మడతలు: జరిగిందా? జరగాలనా?

మన ఇళ్ళల్లో రోజుకి వందసార్లు వినపడే మాట 'ఎందుకు'. "ఎందుకొచ్చావు?", "ఎందుకు ఏడుస్తున్నావు?", "ఈ గరిటె ఎందుకు?" అని అడుగుతాం. మూడు ప్రశ్నలకీ ఒక్కటే మాట. 'ఏమి' అనే మాటకి 'కు' చేరి పుట్టింది కాబట్టి, 'దేనికి' అనేది దాని అసలు అర్థం. ఏడుస్తున్న పిల్లాడు దేనికోసమూ ఏడవటం లేదు, మోకాలికి దెబ్బ తగిలి ఏడుస్తున్నాడు. అయినా మనం అడిగేది 'ఎందుకు' అనే. కారణమా, ఉద్దేశమా అన్నది జవాబులో తేలుతుంది. ఇంగ్లీషులో కూడా 'వై' ఇలా రెండింటికీ పనికొస్తుంది గానీ, ఉద్దేశమే కావాలంటే వాళ్ళకి 'వాట్ ఫర్' అని విడిగా ఇంకొకటుంది.

ఈ సంచికలో మనం చూడబోయేది ఆ ఉద్దేశం సంగతే, దాని పక్కనే ఉండే ఫలితం సంగతి కూడా. ఇంగ్లీషువాళ్ళు 'ఇలా జరగాలని చేశాను' అనేదాన్నీ 'చేస్తే ఇలా జరిగింది' అనేదాన్నీ ఎలా విడదీస్తారు? మనలో చాలామందికి హైస్కూల్లో 'రిమూవ్ టూ' అనే ప్రశ్న గుర్తుండే ఉంటుంది. 'హి ఈజ్ టూ వీక్ టు వాక్' అని ఇస్తే 'హి ఈజ్ సో వీక్ దట్ హి కెనాట్ వాక్' అని మార్చి రాసి, మార్కులు వేయించుకుని, ముందుకు పోయాం. ఆ 'సో', 'దట్' రెండూ పక్కపక్కన ఉంటే ఒక అర్థం, మధ్యలో ఇంకో మాట దూరితే ఇంకో అర్థం రావచ్చని అప్పట్లో ఎవరూ పనిగట్టుకుని చెప్పలేదు.

ముందు తెలుగు చూద్దాం. "అందరికీ వినపడేలా అరిచాడు." ఈ వాక్యంలో అతను అందరికీ వినపడాలనే అరిచాడా? లేక కోపంలో అరిస్తే అందరికీ వినపడిందా? 'వినపడేలా' అన్న ఒక్క మాట రెండింటికీ సరిపోతుంది. "నోరూరేలా వండింది" అంటే ఉద్దేశమూ ఉండొచ్చు, ఫలితమూ ఉండొచ్చు. "నడుం విరిగేలా పనిచేశాడు" అంటే మాత్రం నడుం విరగ్గొట్టుకోవాలని ఎవరూ పనిచెయ్యరు గనుక అర్థం మనకే తెలిసిపోతుంది. తెలుగుకి విడదీసి చెప్పే శక్తి లేదని కాదు. "వినపడాలని అరిచాడు" అంటే ఉద్దేశం స్పష్టం. కాకపోతే ఈ 'ఏలా' చేతికి అందినంత సులువుగా అది అందదు.

ఇంగ్లీషువాడికి ఇక్కడ రెండు దారులున్నాయి. 'హి షౌటెడ్ సో దట్ ఎవ్రీవన్ కుడ్ హియర్' అంటే అందరికీ వినపడాలని అరిచాడు. 'హి షౌటెడ్ సో లౌడ్లీ దట్ ఎవ్రీవన్ హర్డ్' అంటే ఎంత గట్టిగా అరిచాడంటే అందరికీ వినపడింది. గమనించారా? మొదటిదానిలో 'కుడ్' ఉంది. ఉద్దేశం చెప్పేటప్పుడు సాధారణంగా కెన్, కుడ్, విల్, వుడ్ లాంటి మాట ఒకటి వెంట వస్తుంది, ఎందుకంటే అది అప్పటికి ఇంకా జరగని పని. రెండోదానిలో జరిగిపోయిన క్రియ ఉంది. మాట్లాడేటప్పుడు 'దట్' ఎగిరిపోయినా ఈ తేడా నిలుస్తుంది. 'ఐ లెఫ్ట్ ఎర్లీ సో ఐ కుడ్ బీట్ ద ట్రాఫిక్' అంటే ట్రాఫిక్ తప్పించుకోవాలని త్వరగా బయల్దేరాను. 'ఐ లెఫ్ట్ ఎర్లీ, సో ఐ బీట్ ద ట్రాఫిక్' అంటే త్వరగా బయల్దేరాను, అలా ట్రాఫిక్ తప్పింది. రెండోదానిలో రాతలో ఒక కామా, మాటలో చిన్న విరామం.

ఇదంతా మాస్టార్ల గొడవ అనుకుంటారేమో. నేను పనిచేసిన ఒకచోట, రాత్రిపూట సర్వర్ రీస్టార్ట్ చేసినప్పుడు యూజర్లందరి పనీ మధ్యలో ఆగిపోయింది. మన తెలుగు కుర్రాడే మర్నాడు రిపోర్టు రాశాడు: 'ద సర్వర్ వాజ్ రీస్టార్టెడ్ సో దట్ ఆల్ యూజర్స్ లాస్ట్ దెయిర్ వర్క్.' అతని మనసులో ఉన్నది "అందరి పనీ పోయేలా రీస్టార్ట్ అయింది" అన్న వాక్యం. అక్కడి మేనేజరు చదివి, 'వై వుడ్ ఎనీవన్ వాంట్ దట్?' అని అడిగింది. కుర్రాడికి ప్రశ్నే అర్థం కాలేదు. 'సో దట్' తీసి 'యాజ్ ఎ రిజల్ట్' పెట్టి మళ్ళీ పంపితే ఆ గొడవ అక్కడితో ఆగింది. వ్యాకరణం ప్రకారం మొదటి వాక్యాన్ని తప్పు అనలేం. 'సో దట్'ని ఫలితానికి వాడటం ఇంగ్లీషులో ఉన్నదే. కానీ 'సో దట్' కంటపడగానే చదివేవాడి మనసు ముందు ఉద్దేశం వైపే పోతుంది.

ఆఫీసు రిపోర్టు కనుక సరిపోయింది. అదే కారు యాక్సిడెంటు అయ్యాక ఇన్సూరెన్సువాళ్ళు ఫోన్లో మీ మాటలు రికార్డు చేస్తున్నారనుకోండి. 'ఐ బ్రేక్డ్ సో హార్డ్ దట్ ద కార్ బిహైండ్ హిట్ మి' అంటే గట్టిగా బ్రేకు వేశాను, వెనక కారు గుద్దింది. 'ఐ బ్రేక్డ్ సో దట్ ద కార్ బిహైండ్ వుడ్ హిట్ మి' అంటే వెనక కారు గుద్దాలనే బ్రేకు వేశాను. మొదటిది ప్రమాదం, రెండోది మోసం. మధ్యలో ఉన్నవి చిన్న మాటలే.

ఇక్కడి చట్టం కూడా ఈ తేడా మీదే నడుస్తుంది. అమెరికన్ లా ఇన్‌స్టిట్యూట్ 1962లో మోడల్ పీనల్ కోడ్ అనే నమూనా చట్టం తయారుచేసింది. చాలా రాష్ట్రాల నేరచట్టాల మీద దాని ప్రభావం ఉంది. అందులో నేరం చేసినవాడి మనసుని 4 మెట్లుగా విడదీశారు: పర్పస్లీ, నోయింగ్లీ, రెక్లెస్లీ, నెగ్లిజెంట్లీ. అలా జరగాలనే చేశాడా, జరుగుతుందని తెలిసీ చేశాడా, ప్రమాదం ఉందని తెలిసీ లెక్కచెయ్యలేదా, తెలుసుకోవాల్సింది తెలుసుకోలేదా? ఫలితం ఒక్కటే అయినా మెట్టుని బట్టి శిక్ష మారొచ్చు.

వీసాల మాటకొస్తే 214(బి) పేరు వినని తెలుగు ఇల్లు ఉందా? 1952 నాటి ఇమిగ్రేషన్ చట్టంలోని సెక్షన్ అది. టూరిస్టు వీసాకో స్టూడెంటు వీసాకో వచ్చినవాణ్ణి ఇక్కడే స్థిరపడే ఉద్దేశం ఉన్నవాడిగానే ముందు లెక్కవేస్తారు, కాదని ఒప్పించాల్సిన భారం వచ్చినవాడిదే. అంటే ఆ కిటికీ దగ్గర అడిగే 'వై' వెనక అసలు ప్రశ్న 'వాట్ ఫర్'. మన పెద్దవాళ్ళు "మా అబ్బాయి అక్కడున్నాడండీ" అంటారు. నిజమే, అది కారణం. ఆఫీసరుకి కావలసింది ఉద్దేశం: మనవణ్ణి చూడటానికి, మూడు నెలలు ఉండి తిరిగి రావటానికి. ఇంటర్వ్యూ తెలుగులో జరిగినా ఈ మడత అలాగే ఉంటుంది. మీ అమ్మానాన్నలకి కాగితాలు సర్దిపెట్టేటప్పుడు, ఉన్న నిజాన్నే 'డానికి' అని ముగించి చెప్పమనండి.

ఆ 'డానికి' కూడా ఒకచోట మనల్ని పక్కదారి పట్టిస్తుంది. "చదవడానికి వచ్చాను" లోని 'కి'ని చూసి 'ఐ కేమ్ ఫర్ స్టడీయింగ్' అంటారు చాలామంది. చేసిన పనికి ఉద్దేశం చెప్పాలంటే ఇంగ్లీషులో మామూలుగా 'టు' వస్తుంది: 'ఐ కేమ్ టు స్టడీ'. వస్తువు ఉపయోగం చెప్పేటప్పుడు 'ఫర్' హాయిగా కుదురుతుంది: 'దిస్ నైఫ్ ఈజ్ ఫర్ కటింగ్ వెజిటబుల్స్'. పని వెనక 'టు', వస్తువు వెనక 'ఫర్' అని గుర్తుపెట్టుకుంటే చాలావరకు గడిచిపోతుంది.

నా వృత్తిలో 'సో దట్'కి పెద్ద పీటే వేశారు. సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాళ్ళకి యూజర్ స్టోరీ తెలిసే ఉంటుంది: ఫలానావాడిగా నాకు ఫలానాది కావాలి, 'సో దట్' ఫలానా ప్రయోజనం. బ్రిటన్‌లోని కనెక్స్‌ట్రా అనే కంపెనీలో 2001 ప్రాంతంలో పుట్టిన మూస ఇది. ఆ మూడో ముక్కని చాలామంది మొక్కుబడిగా నింపుతారు. 'నాకు రిపోర్టు కావాలి, సో దట్ ఐ కెన్ సీ ద రిపోర్ట్' అని రాస్తే ఏం లాభం? అదే 'సో దట్ ఐ కెన్ కాల్ ద కస్టమర్స్ హు హావ్ నాట్ పెయిడ్' అని రాస్తే, అసలు రిపోర్టే అక్కర్లేదు, రోజూ ఒక ఈమెయిల్ పంపితే చాలని కోడ్ రాసేవాడికి తడుతుంది. ఉద్దేశం తెలిసినవాడే మెరుగైన దారి చూపగలడు.

ఇంగ్లీషుది అంతా తిన్నటి దారి అని కూడా అనుకోకండి. ఉద్దేశం చెప్పే 'టు'యే ఒక్కోసారి ఫలితం చెబుతుంది. 'షి లివ్డ్ టు బి నైంటీ' అంటే తొంభై ఏళ్ళు రావాలని బతికిందని కాదు, తొంభై ఏళ్ళు బతికిందని. 'హి ర్యాన్ టు ద స్టేషన్, ఓన్లీ టు ఫైండ్ ద ట్రెయిన్ గాన్' అంటే పరుగెత్తి వెళ్ళాడు, తీరా చూస్తే రైలు వెళ్ళిపోయింది. అనుకున్నదొకటి, అయినదొకటి అని చెప్పటానికి వాళ్ళకి 'ఓన్లీ టు' ఉంది. మనకి 'బోయి' ఉంది. వినాయకుణ్ణి చెయ్యబోయి కోతిని చేశాడంటాం. ఉద్దేశమూ, అది చెడిన సంగతీ ఒక్క 'బోయి'లో ఇమిడిపోయాయి. దీన్ని ఇంగ్లీషులోకి తేవాలంటే 'ట్రైడ్ టు' అని మొదలుపెట్టి 'బట్' దాకా వెళ్ళాలి.

ఇక్కడ పెరుగుతున్న మన పిల్లలకి 'సో దట్' ఎవరూ నేర్పనక్కర్లేదు, అది గాలిలోనే ఉంది. వాళ్ళకి అందనిది ఈ 'బోయి'. ఈసారి మీ అమ్మాయి పాలు పొయ్యబోయి నేల మీద పోసినప్పుడు 'వై డిడ్ యు డు దట్' అనకండి, అది ఉద్దేశం అడిగినట్టుంటుంది. "పొయ్యబోయి ఒలకబోశావా?" అని తెలుగులో అనండి. తను కావాలని చెయ్యలేదని మీకు తెలుసన్న సంగతి ఆ మాటలోనే తనకి చేరుతుంది.

వచ్చే సంచికలో మరో మడత విప్పుదాం.