జాకెట్టు ఇస్తే సరిపోదు, పని నేర్పాలి

విజయవాడ నుంచి ఏ దిక్కున జాతీయ రహదారి ఎక్కినా మన వాళ్లు కనిపిస్తారు. డివైడరు మీద గన్నేరు మొక్కల మధ్య గడ్డి కోసే ఆడవాళ్లు, తారు పోసి గుంతలు పూడ్చే మగవాళ్లు. ఒంటి మీద నారింజ రంగు జాకెట్టు. వీరిలో చాలామంది రోడ్డు పక్క ఊళ్ల కూలీలు, కౌలు రైతులు. చేలో పని లేని రోజుల్లో మేస్త్రీ పిలిస్తే ఆటో ఎక్కుతారు.

నాట్లు వేయడం, కలుపు తీయడం వీళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. రోడ్డు పని అలాంటిది కాదు. నాలుగు వరుసల రహదారి మీద కార్లకు గంటకు 100 కిలోమీటర్ల వేగం అనుమతి ఉంది. అంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. వంగి పని చేస్తున్న మనిషి హారన్ విని తలెత్తేసరికే బండి మీదికి వచ్చేస్తుంది.

ఈ ప్రమాదం ఉందనే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధనలు రాసింది. ముందు హెచ్చరిక బోర్డులు పెట్టాలి, తర్వాత కోన్లతో బండ్లను పక్క వరుసకు మళ్లించాలి, ఆ వెనకే పని సాగాలి. ఇదంతా కాగితం మీద ఉంది. కోన్లు ఏ వరుసలో పెట్టాలి, పని అయ్యాక ఏ వరుసలో తీయాలి, జెండా పట్టిన మనిషి ఎక్కడ నిలబడాలి అన్నది మాత్రం కూలీకి తెలియాలి. వేడి తారు చేతి మీద పడితే పీకకూడదు, వెంటనే చల్లటి నీళ్లు పోసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి అని కూడా తెలియాలి.

కూలీలు రోజూ మారుతుంటారు, నేర్పి ఏం లాభం అని కాంట్రాక్టర్లు అంటారు. మారుతుంటారు కాబట్టే కొత్త మనిషికి మొదటి రోజే నేర్పాలి.

ఇది రోడ్డు కార్మికుల సమస్య, రైతు సంఘానికి ఎందుకు అని కొందరు అడగవచ్చు. ఆ రోడ్డు కింద ఉన్నది మన భూమి. 2013 భూసేకరణ చట్టం రెండో షెడ్యూలు మూడు దారులు చూపింది. ప్రాజెక్టులో ఉద్యోగాలు ఏర్పడితే, నష్టపోయిన కుటుంబంలో ఒకరికి తగిన శిక్షణ ఇచ్చి కనీస వేతనానికి తగ్గకుండా ఉద్యోగం ఇవ్వడం ఒకటి. ఒకేసారి 5 లక్షల రూపాయలు రెండోది. నెలకు 2 వేలకు తగ్గకుండా 20 ఏళ్ల చెల్లింపు మూడోది. 2015 నుంచి ఇది జాతీయ రహదారుల భూసేకరణకూ వర్తిస్తుంది. పరిహారం గురించి గట్టిగా అడిగే మనం శిక్షణ మాట ఎత్తడం లేదు.

అందుకే మన డిమాండ్లు ఇవి:

1. రోడ్డు మీదికి పంపే ముందే శిక్షణ ఇవ్వాలి. తెలుగులో, చేసి చూపించి నేర్పాలి. ఆ రోజుల కూలి పూర్తిగా చెల్లించాలి.

2. నేర్చుకున్నవారికి ధ్రువపత్రం ఇవ్వాలి. కాంట్రాక్టరు మారినా అది చెల్లాలి, కూలి రేటు పెరగాలి.

3. రోడ్ల మరమ్మతు, నిర్వహణ కూడా నిర్మాణ పనే అని 1996 చట్టమే చెప్పింది. ఏడాదిలో 90 రోజులు పనిచేసిన ప్రతి ఒక్కరి పేరూ సంక్షేమ బోర్డులో నమోదు చేయించాలి.

మీ ఊరి నుంచి రోడ్డు పనికి వెళ్లేవారు ఎందరో ఈ నెల గ్రామ కమిటీ సమావేశంలో లెక్క రాయండి. పని ఎవరు నేర్పారో వాళ్లనే అడగండి. ఆ జాబితాతోనే అధికారుల దగ్గరికి వెళదాం.