ముందు నీటి లెక్క తేలాలి

ఛత్తీస్‌గఢ్‌లో 4,200 మెగావాట్ల అణు విద్యుత్ కేంద్రం నెలకొల్పేందుకు సుమారు 80 వేల కోట్ల రూపాయలు వెచ్చిస్తామని ఎన్‌టీపీసీ 2025 మార్చిలో రాయ్‌పూర్ పెట్టుబడిదారుల సదస్సులో ప్రతిపాదించింది. 2047 నాటికి దేశంలో లక్ష మెగావాట్ల అణు విద్యుత్ సామర్థ్యాన్ని సాధించాలన్నది కేంద్ర ప్రభుత్వ సంకల్పం. బొగ్గు పొగ నుంచి విముక్తి కోరేవారెవరూ ఈ యోచనను తేలికగా కొట్టిపారవేయలేరు. అయితే సముద్ర తీరం లేని రాష్ట్రంలో ఇంతటి కేంద్రం దాహం తీర్చేదెవరు? రూపాయల లెక్క కంటే ముందు తేలవలసింది నీటి లెక్క.

ఈ ప్రశ్నకు ఎడారి ఒకటి ఎన్నడో జవాబు చెప్పింది. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్ నగరానికి పడమరగా 80 కిలోమీటర్ల దూరాన, నదీ సముద్రమూ లేని ఎడారిలో పాలో వెర్డే అణు విద్యుత్ కేంద్రం పనిచేస్తున్నది. దాని మూడు రియాక్టర్లు 1986-88 మధ్య ఉత్పత్తి ప్రారంభించాయి. దాదాపు 3,900 మెగావాట్ల సామర్థ్యంతో దీర్ఘకాలం అమెరికాలో అతి పెద్ద అణు కేంద్రంగా నిలిచిన దానిని 2024లో వోగ్టల్ అధిగమించింది. ఇసుక నడుమ దానికి ప్రాణాధారం ఫీనిక్స్, పరిసర నగరాల మురుగునీరే. శుద్ధి అయిన ఆ నీరు 58 కిలోమీటర్ల గొట్టపు మార్గంలో చేరుతుంది. కేంద్రంలో అమోనియా, భాస్వరం వంటివాటిని మరల తొలగించి, ఆ నీటినే ఇరవై పర్యాయాలకు పైగా తిప్పి వాడి, మిగిలిన ఉప్పునీటిని ఏ వాగులోకీ వదలక ఆవిరి చెరువుల్లో ఎండగడతారు.

ఏటా అక్కడ ఖర్చయ్యే నీరు సుమారు 7,600 కోట్ల లీటర్లు. మన కొలతలో రెండున్నర టీఎంసీలకు పైమాటే. యూనిట్ విద్యుత్తుకు రెండు లీటర్లకు మించిన నీరన్నమాట. ఈ లెక్కన 4,200 మెగావాట్లకు ఏటా మూడు టీఎంసీలకు చేరువగా కావాలి. అరబ్ ఎమిరేట్స్ ఎడారిలోని బరాకా కేంద్రం 5,600 మెగావాట్ల సామర్థ్యంతో 2024లో పూర్తయినా, దానికి పక్కనే సముద్రముంది. మన కొవ్వాడ ప్రతిపాదనకూ బంగాళాఖాతం అండ ఉంది. ఛత్తీస్‌గఢ్‌కు ఆ వీలు లేదు.

భిలాయ్ ఉక్కు నగరానికి, రాయ్‌పూర్‌కు నడుమ ఖారున్ నదికి చేరువలో ఉన్న కుమ్హారి వంటి పట్టణాల వారికి పరిశ్రమ ఇచ్చే బతుకుతెరువూ తెలుసు, నీటి విలువా తెలుసు. ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకొని వచ్చి భిలాయ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఇది పరాయి సమస్య కాదు. ఖారున్ శివనాథ్‌లో, శివనాథ్ మహానదిలో కలుస్తాయి. ఆ మహానది జలాలపై ఒడిశాతో వివాదం 2018లో ట్రిబ్యునల్‌కు ఎక్కింది. 1998లో, నాటి అవిభక్త మధ్యప్రదేశ్‌లో, పరిశ్రమలకు నీటి సరఫరా పేరిట దుర్గ్ సమీపాన శివనాథ్ నదిని 23 కిలోమీటర్ల మేర ఒక ప్రైవేటు సంస్థకు 22 ఏళ్ల ఒప్పందంపై అప్పగించారు. తరతరాలుగా వల వేసిన జాలరులకు, ఒడ్డున పైరు పెట్టుకున్న రైతులకు తమ నదిలోనే ఆంక్షలు ఎదురయ్యాయి. ఆ చేదు అనుభవం పునరావృతం కారాదు.

దారి లేకపోలేదు. మురుగునీటి శుద్ధి కేంద్రానికి 50 కిలోమీటర్ల పరిధిలోని థర్మల్ కేంద్రాలు శుద్ధి చేసిన నీటినే వాడాలని 2016 జనవరి నాటి విద్యుత్ టారిఫ్ విధానం నిర్దేశించింది. నాగపూర్ మురుగునీటిని కోరాడి థర్మల్ కేంద్రం వాడుకుంటున్నది. లోతట్టు ప్రాంతాల్లో తలపెట్టే అణు కేంద్రాలకూ ఈ నియమాన్ని వర్తింపజేయడం విజ్ఞత. ఇందులో చిక్కులు లేవని కాదు. నగరాలు తమ మురుగును సక్రమంగా సేకరించి శుద్ధి చేయగలిగితేనే ఇది సాధ్యం. మురుగునీటికీ ధర ఉంటుంది. పాలో వెర్డే 2010లో నగరాలతో 2050 వరకు ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. పైగా రియాక్టర్‌ను ఆపిన తరువాత కూడా దాని వేడిని చల్లార్చుతూనే ఉండాలి. అది ఆగితే ఏమవుతుందో 2011లో ఫుకుషిమా చూపింది. కనుక సరఫరా తెగినా ఆదుకునే నిల్వ జలాశయాలు తప్పనిసరి.

స్థలం ఖరారు చేయడానికి ముందే కేంద్రానికి ఎంత నీరు, ఏ వనరు నుంచి, ఎవరి వాటా తగ్గించి తీసుకుంటారో ప్రభుత్వం ప్రజల ముందుంచాలి. వేసవిలో నది చిక్కినపుడు తాగునీటికి, సాగుకు, రియాక్టర్‌కు మధ్య ఎవరికి అగ్రాధిక్యమో లిఖితపూర్వకంగా తేల్చాలి. చుక్క నీరు లేని ఎడారిలో నగరం పారబోసిన నీటితో దీపాలు వెలుగుతున్నపుడు, నదులున్న నేలలో రైతు మడి ఎండగట్టి విద్యుత్తు తీయడం అభివృద్ధి అనిపించుకోదు.