పాతకప్పుపై క్రొత్తకప్పు

వేసవి ముదురుచున్నది. మృగశిరకార్తె ప్రవేశించులోపల ఇండ్లను, పశువులపాకలను నేయించుకొనవలసిన దినములివి. మన సభ్యులలో అనేకులు డాబాలు కట్టుకొన్నమాట నిజమే. ఐనను తీరపు గ్రామములలో పశువులపాకలును, కళ్ళములయొద్ద పాకలును, పేదకౌలుదారుల నివాసములు కొన్నియు నేటికిని తాటాకుకప్పుల క్రిందనే యున్నవి. ఆ కప్పు గలవారికెల్ల ఈ మాసమున ఒక ప్రశ్న కలుగును. పాత ఆకును విప్పివేసి, వాసములవఱకు శుభ్రముచేసి నేయింపవలెనా? లేక పాతదానిపైననే మఱియొక వరుస కప్పించిన చాలునా?

పైకప్పు వేయించువారి వాదమును మేము తేలికగా త్రోసివేయము. విప్పుడుకూలి మిగులును. ఆకు తక్కువ పట్టును. ఇల్లు రెండు దినములు ఆకాశమునకు తెఱచియుండదు. గింజలును పసిబిడ్డలును గల యింట నిది చిన్నమాట కాదు. కప్పు దళసరియైనకొలది ఎండ తగ్గుననుటయు నిజమే. అన్నిటికంటె ముఖ్యముగా, దుక్కికిని విత్తనములకును సొమ్ము వెదకుకొనుచున్న యీ రోజులలో రైతుచేత రొక్కముండదు. కావున పైకప్పు వేయించువాడు సోమరియనిగాని, లోభియనిగాని మేమనజాలము.

ఐనను కప్పుయొక్క బలమెక్కడనున్నదో విచారింపవలెను. అది ఆకులో లేదు, కట్టులో నున్నది. ఆకును వెదురుబద్దకు బిగింతుము. బద్దను వాసము పట్టును. వాసమును దూలము పట్టును. దూలమును నిట్రాడు పట్టును. నిట్రాటిని నేల పట్టును. గాలి చూరుక్రింద దూరి పైకెత్తినపుడు ఈ వరుసయంతయు నొక్కటియై కప్పును నిలుపును. తొందరగా వేసిన పైకప్పులోనో, కట్టు బద్దను ముట్టనే ముట్టదు. పాత ఆకును పట్టుకొని వ్రేలాడును. అట్టి యిల్లు కంటికి క్రొత్తది, గాలికి పాతది.

రెండవది బరువు. వాలుమీద నీరు నిలువక జాఱిపోవుటచేతనే ఆకుటిల్లు కురియకుండును. క్రుళ్ళిన ఆకు నీటిని జాఱనీయక ఎరువువలె పీల్చుకొనును. క్రొత్త ఆకు క్రిందబడి అది యారదు. ఆరనిచోట చెదలు చేరును. మన తీరమునకు పెనుగాలులు ఎక్కువగా వచ్చునది వానకాలము చివరనే. కోనసీమను 1996 నవంబరు 6వ తేదీన, విశాఖపట్టణమును 2014 అక్టోబరు 12వ తేదీన తుఫానులు కొట్టినవి. అనగా నాలుగుమాసముల వానకు నాని, కప్పు మిక్కిలి బరువెక్కియున్న సమయముననే గాలియు వచ్చుచున్నది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనవంటి దానికి ఏ పాకయు నిలువదు. అట్టివేళ పాకను విడిచి గట్టి కట్టడమునకు తరలుటయే కర్తవ్యము. మేము చెప్పునది ఏటేట వచ్చు గాలివానలనుగూర్చి.

నిరుడు మా సభ్యులలో నొకరి పశువులపాకను విప్పుచుండగా చూచితిమి. ఒకదానిపై నొకటిగా మూడు కప్పులు బయటపడినవి. అడుగుదానిని చేతబట్టగా మన్నువలె రాలిపోయినది. దానిక్రింద రెండు వాసములు చూరుదగ్గఱ చెదలపాలైయున్నవి. ఆ రైతు మూడుమారులు సొమ్ము ఖర్చుపెట్టెను. ఒక్కమారైనను తన వాసములను చూడలేదు. ఇటీవల కొందఱు పాత ఆకుపై ప్లాస్టిక్ పట్టా పఱచి, దానిమీద ఆకు కప్పించుచున్నారు. కురుపు ఆగునుగాని, చెమ్మ పైకి పోక పాత ఆకు లోలోపలనే మాగును. రోగము మాయలేదు, కనబడకుండ పోయినది.

కావున మా యభిప్రాయమిది. చూరుదగ్గఱను, నడుమను, కొప్పుదగ్గఱను కఱ్ఱతో ఆకునెత్తి చూడుడు. ఈనె గట్టిగా నుండవలెను. వాసములో కొడవలిమొన దిగకూడదు. ఇదివఱకు పైకప్పు పడియుండకూడదు. ఈ మూడును కుదిరిననే ఒక్కమారు పైకప్పు వేయించుడు. అప్పుడైనను తాడు పాత ఆకును దాటి లోపలి బద్దను చుట్టిరావలెను. మూడింటిలో నొకటి తప్పినను విప్పింపుడు. విప్పిన ఆకు వృథాపోదు. గట్టిది దడికి, క్రుళ్ళినది ఎరువుగుంటకు, మిగిలినది పొయ్యికి పనికివచ్చును.

ఇంతవఱకు రైతునకు చెప్పితిమి. ఇక సంఘమునకు చెప్పవలసినది కలదు. గేదెను కొనుటకు ఋణమిచ్చి, అది నిలుచు పాకకు లేదనుట యేమి న్యాయము? ఆకుకోత కాలముననే సభ్యులందఱకు కావలసినది లెక్కవేసి సంఘము ఒక్కచో కొనిన, విడివిడిగా కొనువారి శ్రమయు తగ్గును, ధరయు తగ్గవచ్చును. పంటపై తీర్చుకొను చిన్నఋణమునొకటి కప్పునకై యేర్పఱచిన, సొమ్ములేక పైకప్పు వేయించుకొనువారి సంఖ్య తగ్గును. పదిమంది చేరి ఒకరి పాకకు ఒకరు సాయముపోయిన, విప్పుడుకూలి మాటయే యుండదు. రాబోవు సర్వసభ్యసమావేశమున ఈ విషయము చర్చకు రావలెనని మేము కోరుచున్నాము.

తిన్నయింటి వాసములు లెక్కపెట్టుట తప్పని పెద్దలందురు. పరుల యింటి విషయమున ఆ మాట శిరోధార్యమే. తన యింటి వాసములను మాత్రము ప్రతి రైతును ఈ వారముననే లెక్కపెట్టుకొనవలెను. మృగశిర మనకొఱకు ఆగదు.