తుపాకీ దొరికింది సరే, తూటా ఏదీ?

అల్లూరి సీతారామరాజు మూడు రోజుల్లో ఎన్ని తుపాకులు ఎత్తుకెళ్లాడని క్విజ్‌లో అడిగితే మన కాలేజీలో సగం మంది చేయెత్తుతారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు స్టేషన్లు, మొత్తం 26 తుపాకులు. సరే, తూటాలెన్ని అని అడిగి చూడండి. చేతులన్నీ దిగిపోతాయి.

రాజు మాత్రం ఆ లెక్క మర్చిపోలేదు. చింతపల్లి స్టేషన్ రికార్డులో తాము పట్టుకెళ్తున్నవన్నీ రాసి సంతకం పెట్టి మరీ వెళ్లాడు. 11 తుపాకులు, 1,390 తూటాలు, 5 కత్తులు, 14 బాయొనెట్లు. మూడు దాడుల్లో కలిపి తూటాలు 2,500 పైచిలుకు. వినడానికి చాలా ఎక్కువే అనిపిస్తుంది. ఒకసారి భాగహారం చేద్దాం. ఉద్యమం 1924 మే 7న రాజును కాల్చి చంపేదాకా, అంటే సుమారు 20 నెలలు నడిచింది. 2,500ని 26తో భాగిస్తే తుపాకీకి 96. దాన్ని మళ్లీ 20తో భాగిస్తే నెలకి ఐదు కూడా రావు. తర్వాతి దాడుల్లో మరికొన్ని దొరికాయి, పెద్దగడ్డపాలెం పోరులో కొన్ని ఆయుధాలు తిరిగి పోలీసుల చేతికే పోయాయి. ఆ కూడికలు, తీసివేతలు ఎలా వేసినా ఈ అంకె ఎక్కడికో ఎగిరిపోదు.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. తుపాకీ ఎవడి చేతిలో ఉందన్నది సగం కథే. ఆ తుపాకీ ఏ తూటా తింటుంది, ఆ తూటా ఎవడి ఫ్యాక్టరీలో తయారవుతుంది అన్నది మిగతా సగం. మన సినిమాలు, మన పాఠాలు మొదటి సగం దగ్గరే ఆగిపోతున్నాయి. ఇంజనీరింగ్ చదివేవాళ్లం కూడా అక్కడే ఆగిపోతే ఎలా?

మెకానికల్ కానివాళ్ల కోసం రెండు ముక్కలు. గొట్టం లోపలి వ్యాసాన్ని క్యాలిబర్ అంటారు. త్రీ నాట్ త్రీ అంటే అంగుళంలో 303 వేయో వంతులు, సుమారు 7.7 మిల్లీమీటర్లు. తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి తొడుగు, అడుగున నిప్పు పుట్టించే క్యాపు, మందు, ముందున గుండు. కాల్చాక గుండు పోతుంది, మందు పోతుంది, క్యాపు చస్తుంది. మిగిలేది ఇత్తడి ఒక్కటే. దాన్ని మళ్లీ నింపడాన్నే రీలోడింగ్ అంటారు. కొన్ని దేశాల్లో అదో హాబీ. బెంచి మీద చిన్న ప్రెస్సు పెట్టుకుని చేస్తున్న వీడియోలు మన హాస్టల్లో కూడా తిరుగుతూనే ఉన్నాయి. మన్యంలో అది కుదిరే పని కాదు. నాటు తుపాకీ అయితే గొట్టం మూతిలోంచి మందు, ఇనుప ముక్కలు దట్టించి కాల్చొచ్చు, దానికి క్యాలిబర్ పట్టింపు లేదు. ఫ్యాక్టరీ తూటా అలా కాదు. అప్పటి త్రీ నాట్ త్రీ తూటాల్లో వాడిన బెర్డాన్ రకం క్యాపుని ఊడదీయడమే కష్టం. ఊడదీసినా కొత్త క్యాపు ఎక్కణ్ణుంచి తెస్తారు? కొండ మీద ఫ్యాక్టరీ లేదు కదా.

ఈ సంగతి తెల్లవాడికి మనకంటే బాగా తెలుసు. క్యాలిబర్ వాడికి కొలత మాత్రమే కాదు, కళ్లెం కూడా. 1857 తిరుగుబాటు తర్వాత భారతీయ సిపాయిల కోసం ప్రత్యేకంగా 1858 నమూనా తుపాకీ చేయించారు. ఎన్‌ఫీల్డ్ రైఫిల్ గొట్టాన్ని .577 నుంచి .656కి తొలిచేసి, లోపలి మెలి గాళ్లు తీసేశారు. గాళ్లు లేకపోతే గుండు సూటిగా ఎక్కువ దూరం పోదు. పక్కనే ఉన్న తెల్ల సిపాయి చేతిలో మాత్రం అసలు రైఫిల్ ఉండేది.

తర్వాతది ఇంకా తమాషా. 1907లో .450 క్యాలిబర్‌ని ఇండియాలోకి రాకుండా నిషేధించారు. అది పెద్ద జంతువుల్ని వేటాడే దొరలు వాడుకునేది. ఎందుకు నిషేధించారంటే, సైన్యం నుంచి పోయిన పాత మార్టినీ హెన్రీ తుపాకుల్లోకి అదే సైజు గుండు పడుతుంది. వేటగాడి తూటాలోంచి గుండు పీకి, ఖాళీ మార్టినీ తొడుగులో పెట్టి మళ్లీ నింపుకుంటారని భయం. అంటే రీలోడింగ్‌కి భయపడి ఒక సామ్రాజ్యం ఒక కొలతనే బహిష్కరించింది! లండన్ కంపెనీలకి పెద్ద మార్కెట్ చేజారింది. వెంటనే .465, .470, .475 అంటూ కొత్త క్యాలిబర్లు పుట్టించారు. వాటి పుట్టుకకి అసలు కారణం ఏనుగూ కాదు, పులీ కాదు. చట్టం.

మరొకటి. బెంగాల్లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో పాత త్రీ నాట్ త్రీ రైఫిళ్ల గొట్టాల్ని .410కి నున్నగా తొలిచి, మ్యాగజైన్లో చెక్కముక్క బిగించి, ఒక్కో గుండే కాల్చే మస్కెట్లుగా మార్చారు. పోలీసులకీ జైలు కాపలావాళ్లకీ అవే ఇచ్చారు. ఎవడైనా దాన్ని ఎత్తుకుపోయినా సైన్యం తూటా అందులో పనికిరాకూడదన్నది ఉద్దేశం. తుపాకీని కాపాడటం కుదరనప్పుడు దాని ఆకలిని అదుపులో పెట్టడం అన్నమాట.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. "అయితే ఏంట్రా, తుపాకులకి అదుపు ఉండొద్దా?" ఉండాలి. ఆ హాబీ వీడియోలు చూసి మనమూ చేద్దాం అనే మిత్రులకి ఒకటే మాట. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ గానీ తూటా గానీ తయారుచేస్తే, 2019 సవరణ తర్వాత శిక్ష 7 ఏళ్ల నుంచి యావజ్జీవం దాకా. చట్టం సంగతి పక్కన పెట్టినా, మందు కొలత కొంచెం తప్పితే పగిలేది గొట్టం, పోయేది మన వేళ్లూ కళ్లూ. దాన్ని సమర్థించడం నా ఉద్దేశం కాదు.

నా ప్రశ్న వేరు. స్వతంత్రం వచ్చాక కూడా మామూలు పౌరుడికి త్రీ నాట్ త్రీ నిషిద్ధమే. కానీ లైసెన్సు ఉంటే అదే ఇషాపూర్ పేరున్న .315 స్పోర్టింగ్ రైఫిల్ కొనుక్కోవచ్చు. పేరులో తేడా అంగుళంలో 12 వేయో వంతులు, సుమారు 0.3 మిల్లీమీటరు. ఈ 0.3 వల్ల తుపాకీ సాధువైపోతుందా? అబ్బే. ప్రాణం తీయడానికి రెండూ రెండే. ఈ నిబంధన ప్రమాదాన్ని కొలవడం లేదు, సర్కారు తూటా బయటివాడి తుపాకీలో పట్టకుండా చూస్తోంది అంతే. తెల్లవాడి భయంలోంచి పుట్టిన గీతని మనం పెద్దగా తరచి చూడకుండానే కొనసాగిస్తున్నాం. ఆ గీత ఉంచుతామా, చెరుపుతామా అన్నది చట్టసభలు చూసుకుంటాయి. దాని వెనకున్న కారణం తెలుసుకోవడం మాత్రం మన పని.

ఎందుకంటే ఇది తుపాకులతో ఆగే విషయం కాదు. కాలేజీ గేటు ఎదురుగా జెరాక్స్ షాపుల్లో ప్రింటర్ కార్ట్రిడ్జి రీఫిల్ చేస్తుంటారు చూడండి. కొన్ని కంపెనీలు అందులో చిన్న చిప్ పెట్టి, బయట నింపితే ప్రింటర్ ఒప్పుకోకుండా చేస్తాయి. ప్రింటర్ డబ్బులిచ్చి మనమే కొన్నాం, కానీ ఇంకు ఎవడిదో వాడే చెప్తాడు. పేరూ కార్ట్రిడ్జే, తెలివీ అదే. ఛార్జర్ పిన్ను, ట్రాక్టర్ సాఫ్ట్‌వేర్, ఫోను బ్యాటరీ, ఎక్కడ చూసినా ఇదే లెక్క. వస్తువు నీది, దాని తిండి వాడిది.

క్లాసులో మనకి టాలరెన్సులు నేర్పుతారు, ఫిట్లు నేర్పుతారు, ఇంటర్‌ఛేంజబిలిటీ అంటే పది మార్కుల ప్రశ్న. ఒక భాగం ఇంకోదానిలో ఎలా పట్టాలో రాస్తాం. పట్టకూడదని ఎవడు, ఎందుకు నిర్ణయించాడో ఏ సిలబస్సులోనూ లేదు. రేపు ఆ డ్రాయింగుల మీద కొలతలు వేసేది మనమే. వేసే ప్రతి కొలతా ఎవరికో తలుపు తీస్తుంది, ఎవరికో వేస్తుంది.

ఈసారి మారేడుమిల్లి ట్రిప్పుకి గోకవరం దాటి రంపచోడవరం మీదుగా వెళ్తున్నప్పుడు, ఆ కొండల్లో నడిచినవాళ్ల ధైర్యంతో పాటు వాళ్ల లెక్క కూడా తలుచుకోండి. నెలకి తుపాకీకి ఐదు తూటాలు కూడా లేకుండా వాళ్లు దాదాపు రెండేళ్లు నిలబడ్డారు.