విడిచినదేది, విడువనిదేది?

మన యిండ్లలో నీ నడుమ నొక క్రొత్త శుభవార్త పుట్టినది. పూర్వము కుమారునకు ఉద్యోగమైన దనియు, కుమార్తెకు సంబంధము కుదిరిన దనియు చెప్పుకొనెడివారము. ఇప్పుడు "మావాడికి అమెరికా సిటిజన్‌షిప్పు వచ్చింది" అని చెప్పుకొనుచున్నాము. చెప్పెడి తల్లి కన్నులలో ముందు సంతోషమును, ఆ వెనుకనే కొంత దిగులును కనబడుచుండును. ఉద్యోగము పోయినను ఇక దేశము విడిచి రానక్కఱలేదు గదా యని సంతోషము. వాడు మన దేశపు పౌరుడు కాకపోయెనే యని దిగులు. ఈ సంతోషమును గూర్చియు, ఈ దిగులును గూర్చియు ఇదివఱకు చాలమంది వ్రాసియున్నారు. మేము వ్రాయబోవు విషయము వేఱు. అది మనవారికి రుచింపదని యెఱిగియే వ్రాయుచున్నాము.

మేమును ఆ దేశమున ఇరువదిరెండేండ్లు కాపురముండి, ఆ పౌరసత్వమును గైకొనినవారమే. కావున గట్టుమీద నిలిచి నీళ్లలోని వారిపై రాళ్లు రువ్వుచున్నా మని యెవరును తలపకుందురు గాక.

ఆ పౌరసత్వము ఊరక వచ్చునది కాదు. మొట్టమొదట గ్రీన్ కార్డను శాశ్వతనివాసపు అనుమతి దొరకవలెను. ఉద్యోగములనుబట్టి యేటేట నిచ్చు సుమారు 1,40,000 అనుమతులలో ఏ యొక్క దేశమున పుట్టినవారికిని సాధారణముగ నూటికి ఏడు మించి యీయరాదని అచ్చటి చట్టము. మనదేశమునుండి పోయినవారు లక్షలమంది; కావున పదేండ్లు, పదునైదేండ్లు ఆ వరుసలో నిలిచియున్నవారు కలరు. ఆ కార్డు చేతికి వచ్చినపిదప మరల అయిదేండ్లు గడువవలెను. అందు రెండున్నరయేండ్లయినను ఆ నేలమీదనే గడపియుండవలెను. అప్పుడు దరఖాస్తు. 2024 ఏప్రిలు నుండి దాని రుసుము, కాగితముపై పంపినచో 760 డాలర్లు, కంప్యూటరుద్వారా పంపినచో 710. వ్రేలిముద్ర లీయవలెను. అధికారి యెదుట కూర్చుండి ఇంగ్లీషు చదివి, వ్రాసి, ఆ దేశపు చరిత్రను, ప్రభుత్వమును గూర్చిన ప్రశ్నలకు జవాబులు చెప్పవలెను. 2025 అక్టోబరు 20వ తేదీనుండి దరఖాస్తు చేయువారికి 128 ప్రశ్నల పట్టిక నిచ్చి, అందు 20 వఱకు అడుగుదురు. 12 సరిగా చెప్పినవారు గెలిచినట్లు.

మనవారు ఈ పరీక్షకు వెఱవరు. పట్టిక నంతయు వల్లెవేయుట మనకు వెన్నతో పెట్టిన విద్య. అమెరికాకు బానిసలుగా కొనిపోబడి అమ్మబడినవా రెవరు? ఆఫ్రికావారు. మార్టిన్ లూథర్ కింగు దేనికి ప్రసిద్ధుడు? పౌరహక్కులకొఱకు పాటుపడెను. ఇంటిల్లిపాదియు భోజనమువేళ నీ ప్రశ్నలను ఒకరినొకరు అడుగుకొని సిద్ధమగుదురు. అధికారి మెచ్చుకొనును. కాని ఆ దరఖాస్తులోనే మఱి కొన్ని ప్రశ్నలు కలవు. వానికి వల్లెవేయు పని లేదు. 'లేదు', 'లేదు' అని గడులలో గుర్తు పెట్టుకొని పోవుటే.

అందొకటి యిట్టిది. జాతినిబట్టి గాని, మతమునుబట్టి గాని, పుట్టిన దేశమునుబట్టి గాని, ఒకానొక సామాజికవర్గమునకు చెందియుండుటనుబట్టి గాని, రాజకీయాభిప్రాయమునుబట్టి గాని, ఏ మనుష్యునికైనను హానిని, బాధను కలిగించుటలో నీ వెన్నడైనను పాల్గొంటివా, తోడ్పడితివా?

మమ్ము ఈ ప్రశ్న నడిగిన అధికారిణి నల్లజాతి స్త్రీ. ఆమె గబగబ చదివినది. మేమును గబగబ 'లేదు' అంటిమి. ఆమె కలము ఆగలేదు, మా నోరును ఆగలేదు. ఇంటికి వచ్చి కాఫీ త్రాగుచుండగా గాని మాకొక సంగతి జ్ఞప్తికి రాలేదు. అంతకు కొన్ని యేండ్లకు ముందు మా యింటి క్రిందిభాగమున నొక గది ఖాళీగా నుండెను. మన జిల్లాలనుండి చదువునకు వచ్చిన యువకుడొకడు అద్దెకడుగ వచ్చెను. మర్యాదస్థుడు. మేము ముందు ఊరడిగితిమి, పిమ్మట ఇంటిపేరడిగితిమి. ఇంటిపేరువలన తేలలేదు. ఊరిలో ఇల్లేవైపున నని యడిగితిమి. ఊరిలో ఇల్లేవైపున ననుదాని కర్థమేమో తెలుగు చదువరులకు వివరింప బనిలేదు. అతనికిని తెలిసినది. చెప్పెను. ఆ గది నిన్ననే యొకరికి మాటయిచ్చితి మని మేమంటిమి. "సరేనండి" అని అతడు మెట్లు దిగి పోయెను. బయట మంచు పడుచుండెను. ఆ గది మఱి రెండు నెలలు ఖాళీగనే యుండెను.

అధికారిణితో మేము చెప్పినది అబద్ధమా? న్యాయవాది నడిగిన కాదనును. ఆ ప్రశ్న యుద్ధములలో, నరమేధములలో పాల్గొన్న క్రూరులను పట్టుటకై పుట్టినది. గది యద్దెకీయనివారికొఱకు గాదు. ఆ మాట నిజమే. గడిలో 'అవును' అని గుర్తు పెట్టి న్యాయస్థానముల చుట్టు తిరుగుడని మేమెవరికిని ఉపదేశించుట లేదు. మేమడుగునది వేఱు. ఆ మాటలు చెవిని పడినప్పుడు మనకు మన కుల మేల స్ఫురింపదు? జర్మనీ స్ఫురించును, ఎచ్చటనో ఆఫ్రికాలోని తగవులు స్ఫురించును. మన వాడ స్ఫురింపదు.

ఆ దేశపు న్యాయస్థానమునకు కులమును మొదట కొనిపోయినవారు మన శత్రువులు గారు. ఆ కథ మన యిండ్లలో పిల్లలకు చెప్పదగినది గాని యెవరును చెప్పరు. 1790లో అమెరికావారు చేసిన చట్టము ప్రకారము స్వేచ్ఛగల తెల్లవాడు మాత్రమే పౌరసత్వము స్వీకరింప నర్హుడు. బానిసత్వము పోయినపిమ్మట, 1870లో, ఆఫ్రికా సంతతివారికిని ఆ హక్కిచ్చిరి. ఈ రెండింట దేనను చేరనివారు చైనావారు, జపానువారు, మనవారు. భగత్‌సింగ్ థింద్ అను పంజాబీ యువకుడు 1913లో అచ్చటికి పోయి, మొదటి మహాయుద్ధకాలమున వారి సైన్యమున చేరి, గౌరవముతో విడుదల పొంది, పౌరసత్వము కోరెను. క్రింది న్యాయస్థాన మిచ్చెను. ప్రభుత్వము కాదని పైకి పోయెను. వ్యాజ్యము సుప్రీంకోర్టునకు చేరెను.

అచ్చట థింద్ పక్షమున చేసిన వాదమేమి? రంగునుబట్టి మనుష్యుని నెన్నుట అన్యాయమని కాదు. ఇతడు ఆర్యుడు, ఉన్నతకులస్థుడు, కావున తెల్లవాడే యని. అంతతో నాగినను కొంత మేలు. వివాహవిషయమున అమెరికా తెల్లవాడు నల్లవానిని ఎట్లు చూచునో ఉన్నతకుల హిందువు ఈ దేశపు ఆదిమజాతివానిని అట్లే చూచుననియు, తెల్లవారితో వీరికిగల సామ్యమునకు అదియు నొక నిదర్శన మనియు వాదించిరి! కులమును నిరసించిన గురువుల మతమున పుట్టినవాని పక్షమున ఈ వాదము. ఆ కాలపు చట్టముక్రింద గెలుచుటకు వేఱు దారి లేకపోయెనని థింద్‌ను మన్నింపవచ్చును. అతడు మన స్వాతంత్ర్యమునకై పాటుపడిన గదర్ పక్షమును ఆదరించినవాడు కూడ. కాని వాదము వాదమే. థింద్ అమెరికాలో అడుగు పెట్టిన 1913వ సంవత్సరముననే అంబేడ్కరు న్యూయార్కున కొలంబియా విశ్వవిద్యాలయములో చేరెను. ఆ వ్యాజ్యము నడచుచున్న 1922లోనే ఉన్నవ లక్ష్మీనారాయణగారు చెరసాలలో కూర్చుండి 'మాలపల్లి' వ్రాసిరి. వేఱుగా ఆలోచించువారు ఆనాడును లేకపోలేదు.

1923 ఫిబ్రవరి 19వ తేదీన తీర్పు చెప్పిన న్యాయమూర్తి సదర్లాండు. ఆయనయు ఇంగ్లండున పుట్టినవాడే! మూడు నెలలకు ముందు ఒజావా యను జపానువాని వ్యాజ్యమున, తెల్లవాడన కాకేసియను జాతివాడని చెప్పిన ఆయనయే, థింద్ విషయమున పండితుల జాతిశాస్త్రము పనికిరాదనియు, సామాన్యజనులు ఎవనిని తెల్లవాడందురో వాడే తెల్లవాడనియు తేల్చెను. ఆర్యత్వము అక్కఱకు రాలేదు. అంతకుముందు పౌరసత్వము పొందిన మనవారినుండి కూడ దానిని లాగికొన మొదలిడిరి. శాన్‌ఫ్రాన్సిస్కోలో వర్తకము చేసికొనుచుండిన వైష్ణోదాస్ బగాయ్ వారిలో నొకడు. 1921లో పౌరుడైనవాడు, పౌరత్వముపోయి, ఆస్తిపోయి, ఏ దేశమువాడును గాక, 1928లో ఆత్మహత్య చేసికొనెను. భార్యయు ముగ్గురు కొడుకులును మిగిలిరి. థింద్‌నకు తుదకు 1936లో, యుద్ధమున పనిచేసినవారికై చేసిన వేఱొక చట్టముక్రింద, పౌరసత్వము లభించినది.

పిదప ద్వారములు మెల్లగ తెఱచుకొనెను. 1946 జూలై 2వ తేదీన మనవారికి పౌరసత్వహక్కు వచ్చినది. వలసకు మాత్రము ఏటికి నూర్గురే. 1952లో పౌరసత్వమునకు జాతి యడ్డుగా నుండుట తొలగినది. 1965లో దేశముల వంతులు రద్దయ్యెను. ఇంజనీర్లుగను వైద్యులుగను మనవారు పోవుట అప్పటినుండియే పెరిగినది. ఆ 1965వ సంవత్సరముననే నల్లవారి వోటుహక్కు చట్టమును, దానికి ముందటియేట పౌరహక్కుల చట్టమును వచ్చిన వను సంగతి మఱవరాదు. పోలీసు కుక్కలను, లాఠీలను, చెరసాలలను సహించి ఆ నల్లవారు పుట్టించిన గాలి వీచకున్న, మన యింజనీర్లకు ఆ తలుపు తెఱచుకొనియుండెడిది కాదని మా నమ్మకము. 'కింగు దేనికి ప్రసిద్ధుడు' అనుదానికి వల్లెవేసిన జవాబులో ఈ ఋణము కలదు.

ఆ ఋణమును మన మెట్లు తీర్చుకొనుచున్నాము? పెండ్లి ప్రకటనలు చూడుడు. 'వరుడు అమెరికా పౌరుడు' అని మొదలుపెట్టి, కులమును, శాఖను, ఒక్కొకచో ఉపశాఖను గూడ ముద్రింతురు. దేశమును విడిచినాడు; ఉపశాఖను విడువలేదు! ఆ ప్రమాణములో ఇంతవఱకు పౌరుడనుగా నుండిన పరరాజ్యములయెడల సర్వవిధేయతను విడుచుచున్నా ననవలెను. మనస్సులో ఏ మినహాయింపును దాచుకొనక, తప్పించుకొను తలంపు లేక, ఈ మాట పలుకుచున్నా నని కూడ ననవలెను. భారతదేశమును విడుచుటకు సిద్ధపడి, మన చట్టము ప్రకారము పాస్‌పోర్టును అప్పగించి, వోటును, పొలము కొనుహక్కును వదలుకొని, ఓ.సి.ఐ. కార్డుతో తృప్తిపడినవాడు, మినహాయింపుగా దాచుకొన్నది కులమునా?

కులసంఘములు క్రొత్తగా వచ్చినవారికి ఆసరా యగుచున్నవని కొందరందురు. కావచ్చును. విమానము దిగిన పిల్లవానికి అన్నముపెట్టి పడుకొన చోటిచ్చుట మంచిపనియే. కాని ఏ సంఘమును లేని పిల్లవాడు ఎచ్చట దిగవలెను? మా మెట్లు దిగిపోయినవా డెచ్చట పడుకొనెనో మాకు తెలియదు.

మఱి కొందరి కోపము వేఱు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరసభ కులవివక్షను నిషేధించినది. ఆ దేశపు నగరములలో అదే మొదటిది. అదే సంవత్సరము కాలిఫోర్నియా శాసనసభలు రెండును అట్టి బిల్లును అంగీకరింపగా, ఉన్న చట్టములే చాలునని గవర్నరు అక్టోబరులో దానిని త్రోసివేసెను. అప్పుడు మనవారిలో ననేకులు, లేని కులమును తెచ్చి మన కంటగట్టుచున్నారని, పరదేశమున మనకు తలవంపులు తెచ్చుచున్నారని ఘోషించిరి. ఆ బిల్లు వ్రాతను గూర్చి తగవుపడవచ్చును. చట్టము చేయుటకన్న నడవడి దిద్దుకొనుట మేలని వాదింపవచ్చును. కాని 'లేని కులము' అను మాటను మేమంగీకరింపము. నూఱేండ్లకు ముందు ఉన్నతకులమును గొప్పగా చూపి సుప్రీంకోర్టున పౌరసత్వ మడిగినది మన పక్షము. అక్కఱకు వచ్చునని తోచిన దినమున నుండిన కులము, జవాబు చెప్పవలసిన దినమున లేకపోవునా?

సోదరీమణులు కూడ ఈ మాట వినవలెను. వారమునకొకసారి ఫోనులో బిడ్డల యోగక్షేమము లడుగుచు, ప్రక్క గదిలోనికి క్రొత్తగా వచ్చిన స్నేహితుని గూర్చి "వాళ్లెవరమ్మా?" అని అడుగువారు ఎక్కువగా తల్లులే. ఆ ప్రశ్న ఏడు సముద్రములు దాటి పోవుచున్నది. మా తల్లిగారును అడిగెడివారు. మేము సిగ్గుపడక చెప్పెడివారము.

మా మేనల్లుడొకడు వచ్చే నెల పరీక్షకు పోవుచున్నాడు. మొన్న ఫోనులో 128 ప్రశ్నలును మాచేత అడిగించుకొనెను. ఒక్కటియు తప్పలేదు. పిదప దరఖాస్తులోని ప్రశ్నలను గూడ ఒకసారి చదువుమనెను. పైని చెప్పిన ప్రశ్న వచ్చినది. "లేదు" అనెను. మే మాగితిమి. ఆ గది సంగతి వానికి మొదటిసారి చెప్పితిమి. వాడు కొంతసేపు మాటాడలేదు.

"మామయ్యా, నా రూమ్మేటు సంగతి అమ్మకి చెప్పావా?" అని యడిగెను.

చెప్పలేదంటిమి. "సరే, తరవాత ప్రశ్న చదువు" అనెను.